మెరుగు

కార్లు వాటంతట అవే తిరగడం మొదలయ్యాక, వాటికి మెరిసే బంపర్లు పెట్టకూడదన్నారు, రోడ్డు మీదికి మెరిసే వస్తువేదీ తేకూడదన్నారు. ఒక కారు ఎదుటి బంపర్‌లో తన రూపమే చూసుకుని, ఎవరో వస్తున్నారనుకుని ఆగిపోయేదట, అద్దం ముందు పిచ్చుకలా. ఇప్పుడు అన్నీ బొగ్గు రంగే. ఆటోనగర్‌లో నలభై ఏళ్లు బంపర్లకు మెరుగు పెట్టిన మీరావలి చేతులు మాత్రం ఊరుకోవు. ఇంట్లో కుళాయి, గడియ, గరిటె, ఏది దొరికితే అది రుద్దుతూనే ఉంటాడు.

ఆ ఉదయం భార్య జైనాబీ నీళ్లు తెచ్చి గుమ్మంలో నిలబడింది.

"బిందె గూడా రుద్దావా ఏందయ్యా? రోడ్డు మీద కార్లన్నీ ఆగిపోయినయ్."

మీరావలి బిందెను గబుక్కున లోపలికి లాక్కున్నాడు. "గుడ్డ కప్పకపోయావా? పట్టుకుంటే లోపలేస్తారు."

"పంపు కాడికి దాటాలంటే రోజూ గంట నిలబడేదాన్ని. మనిషిని చూసి ఒక్కటీ ఆగదు. ఇయ్యాల నేరుగా నడిచొచ్చా."

సాయంత్రానికి వాకిట్లో పదిమంది ఆడవాళ్లు, చేతుల్లో మాసిన బిందెలు. ఇళ్లకు పొమ్మని మీరావలి తలుపు వేయబోయాడు. చూపు లేని సుబ్బాయమ్మ తన ఇనప చేతికర్ర అడ్డం పెట్టింది.

"దీనికి మెరుగు పట్టుద్దా నాయనా?"

"పట్టదు, పో అవ్వా" అన్నాడు. అతని బొటనవేలు అప్పటికే కర్ర మీది తుప్పును రుద్దుతోంది.