రాళ్లు లేని మర

“దీని రాళ్లు యాడికి పోయినాయప్పా?”

నీటిమర గదిలోకి తొంగి చూస్తూ అడిగాడు జయరాజు. అతను నంద్యాలలో కలప వ్యాపారి. పాత చక్రాన్ని కొనడానికి ఆళ్లగడ్డ దగ్గరున్న ఈ తోటకు వచ్చాడు.

పక్కనే నిలబడ్డ పుండరీకవల్లి కూడా చూసింది. కాలవ నీళ్లు తూములోంచి దూకి చక్రాన్ని తిప్పేందుకు ఏర్పాటంతా ఉంది. చక్రం ఇరుసు గోడలోంచి గదిలోకి వచ్చింది. పిండి విసిరే రాళ్లు మాత్రం లేవు. అవి ఉండాల్సిన చోట ఎండుటాకులు కుప్పపడి ఉన్నాయి.

“వరదరాజులు స్వామి ఎప్పుడో అమ్మేసినాడు,” అన్నాడు దేవదానం. వయసులో ఉన్నప్పటి నుంచీ ఆ మర చూసుకుంటున్నది అతనే.

“మరి పోయిన ఏడు దాంకా తిరుగుతాండెనంట గదా. రాళ్లు లేకుండా ఏం విసిరింది?”

“ఏమీ విసర్లా. ఊరికే తిరిగింది.”

జయరాజు నవ్వి, రేపు బండి తెస్తానని చెప్పి వెళ్లిపోయాడు.

పుండరీకవల్లిని ఆ మాట వదల్లేదు. మామ వరదరాజులు పోయాక, చూపు లేని అత్తకు తోడుగా ఉందామని వచ్చిందామె. తోటను, మరను దగ్గరగా చూడటం ఇదే మొదలు.

“మామ దాన్ని ఊరికే ఎందుకు తిప్పించినాడు?”

దేవదానం తూము గట్టు మీద కూర్చున్నాడు.

“ఇది స్వామివాళ్ల నాయన కట్టించినాడు తల్లీ. చాగలమర్రి నుంచి గూడా జొన్నలు బండ్లలో వస్తాండె. ఊర్లో ఇంజను మర పడినాక ఎవురూ రాలేదు. స్వామి రాళ్లు అమ్మేసి, చక్రం గూడా పీకేయమన్నాడు. అంతలోకే అమ్మకు విషజ్వరం వచ్చి చూపు పోయింది.”

“దానికీ దీనికీ ఏం సంబంధం?”

“అమ్మకు తోటంటే పానం. ఒకనాడు ఒక్కతే చెట్లు తడుముకుంటా వచ్చి, దారి తప్పి ఈ గట్టు మీదికొచ్చింది. ఇంకొక్క అడుగేసింటే కాలవలో పడింటుంది. ఆ పొద్దే స్వామి చక్రం పీకొద్దన్నాడు. రాత్రీ పగలూ తిప్పమన్నాడు. చప్పుడు ఎదురుగా వినపడితే కాలవ, ఎనకాల వినపడితే ఇల్లు. అమ్మకు అదే దారి.”

పుండరీకవల్లి చక్రం వైపు చూసింది. నాచు ఎండి పొలుసులుగా లేస్తోంది.

“ఎండాకాలం కాలవ కట్టేస్తారు గదా. అప్పుడెట్ల?”

“నన్ను కాళ్లతో తొక్కి తిప్పమన్నాడు. అమ్మ తోటలో ఉన్నంతసేపూ తొక్కేది. ఏ ఎండాకాలమూ తప్పలేదు. వరదరాజులు స్వామికి పిచ్చి పట్టిందని ఊరంతా నవ్వింది.”

ఆమె గబగబా ఇంటికి వెళ్లింది. అత్త శ్రీరంగమ్మ వరండాలో కూర్చుని ఉంది.

“అత్తా, ఆ చక్రం అమ్మొద్దు. మామ నీకోసమే పెట్టుకున్నాడంట.”

“తెలుసు. రేపు పోనీ దాన్ని.”

“అంత ప్రేమగా పెట్టుకున్నదాన్ని ఎట్ల ఇచ్చేస్తావ్?”

“పోనీమన్నా గదా!” శ్రీరంగమ్మ విసురుగా అంది. లేచి తోటలోకి నడిచింది. పుండరీకవల్లి వెనకే వెళ్లింది. దారికి అడ్డంగా, కలప ఎట్లుందో చూడటానికి జయరాజు చక్రం నుంచి ఊడదీసి పడేసిన చెక్క పలక ఉంది. దాని మేకులు పైకి లేచి ఉన్నాయి. “అత్తా, చూసి...” అనబోయేంతలో శ్రీరంగమ్మ కుచ్చిళ్లు కాస్త ఎత్తి పట్టుకుని పలకను చుట్టి అవతలికి నడిచింది.

చక్రం చప్పుడు లేదు. దారి చూపేవాళ్లు లేరు.

“అత్తా, నీకు కనపడతాండాది!”

శ్రీరంగమ్మ ఆగిపోయింది. సంపెంగ చెట్టు కింద మెల్లగా కూలబడింది.

“జ్వరం వచ్చిన మూడో ఏడే మసక మసగ్గా వచ్చింది. తర్వాత బాగానే వచ్చింది.”

“మామకు చెప్పలేదా?”

“ఎట్ల చెప్పేది? పెండ్లయినప్పటి నుంచి ఆ మనిషి నా పక్కన ఒక్క గడియ కూర్చోలేదు. పొలాలు, కోర్టులు, కర్నూలు. చూపు పోయినాక రోజూ సాయంత్రం నా చెయ్యి పట్టుకుని ఈ తోటంతా తిప్పినాడు. ఏ చెట్టు పూసిందో, ఏది కాసిందో చెప్పినాడు. కండ్లు వచ్చినాయంటే ఆ చెయ్యి వదిలేస్తాడేమోనని భయపడినా.” ఆమె కొంగుతో మొహం కప్పుకుంది. “కడదాంకా మోసం చేసినా. ఆ చక్రం ఎదురుగా ఉంటే నాకు అన్నం దిగడంల్యా.”

వెనకాల దగ్గు వినిపించింది. మర తాళాలు ఇవ్వడానికి వచ్చిన దేవదానం అక్కడే నిలబడి ఉన్నాడు.

“అంతా విన్నావా?” అంది శ్రీరంగమ్మ.

“నాకు ముందే తెలుసులేమ్మా.”

“ఏందీ? ఎప్పటినుంచి?”

“చానా ఏండ్లాయె.”

“తెలిసి గూడా ఆ ఎండల్లో చక్రం తొక్కినావా? స్వామికి ఒక్క మాట చెప్పింటే నీకా కష్టం తప్పేది గదా! అసలు నన్ను యాడ చూసినావ్?”

“నేను చూడలేదమ్మా.”

“మరి నీకెట్ల తెలిసింది?”

దేవదానం తాళాలు ఆమె ముందు పెట్టాడు.

“స్వామే చెప్పినాడమ్మా.”