చెడిపోయిన క్రేన్

"క్రేన్ మళ్ళీ చెడిపోయిందా? చెప్పడానికి సిగ్గులేదట్రా?"

విజ్దాన్ గిన్నె ఠపీమని పెట్టింది. తమ్ముడు ముంజిర్ తలెత్తకుండా రొట్టె తుంచుకున్నాడు. ఊరి చివర సైన్యం గిడ్డంగికి సైనికులతోపాటు అతనూ కాపలాదారు. లోపలున్నవి విషవాయువు తయారుచేసే రసాయనాల పీపాలు. వాటిని దేశం దాటించేస్తామని సిరియా ప్రభుత్వం ఒప్పుకుంది. లటాకియా రేవులో ఓడ కాచుకునుంది. అన్నిటికంటే ప్రమాదకరమైనవి ముందు పోవాలిట, అవేమో ఈ ఊళ్ళోనే ఉన్నాయి. లారీలు రావడం, క్రేన్ మొరాయించడం, లారీలు ఖాళీగా పోవడం!

"రహఫ్‌కి నెలలు నిండాయిరా. ఒక్క పీపా కారినా నా కూతురూ, దాని బిడ్డా ఏమైపోతారు? నాకు కంటిమీద కునుకు లేదు. కిటికీలన్నీ బిగించుకుని ఛస్తున్నాం."

"ఇన్నేళ్ళూ కారలేదు కదక్కా. ఇంకొన్నాళ్ళు ఓపిక పట్టు."

"ఎన్నాళ్ళు? యుద్ధం అయ్యేదాకానా?"

"అంతవరకూ ఉంటే మంచిదే."

"నీకసలు బుద్ధుందా? చుట్టుపక్కల ఏ ఊళ్ళో అద్దాలు మిగిలాయో చెప్పు. మన ఊరిమీద ఇంతవరకు ఒక్క గుండు పడలేదంటే అల్లా దయ. ఆ దయని నీ పీపాలతో పాడుచెయ్యకు."

"దయొక్కటే కాదక్కా, ఆ పీపాలు ఉండబట్టే..." అనబోయాడు ముంజిర్. వీధిలో సైనికుడెవరో పోతుంటే నోరు మూసుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే విజ్దాన్ వంకాయ ఊరగాయ జాడీలో చెయ్యి పెడితే, నూనె అడుగున ప్లాస్టిక్ సంచి తగిలింది. విప్పితే ఇత్తడి వాల్వు. ఆమెకి ఒళ్ళు మండిపోయింది. తలగుడ్డ సరిచేసుకుని, లారీలతో వచ్చిన అధికారి దగ్గరికి తిన్నగా పోయింది.

"ఇది క్రేన్‌దేనా చూడండి బాబూ. మావాడు దాచాడు. వాణ్ణి మాత్రం ఏమీ చెయ్యకండి, మీకు పుణ్యముంటుంది."

అధికారి మొహం విప్పారింది. "ఊరిని కాపాడావమ్మా!" అన్నాడు. ఆ సంబరంలో ముంజిర్‌ని నాలుగు తిట్టి వదిలేశాడు.

మధ్యాహ్నానికి పీపాలన్నీ లారీలెక్కాయి. కాపలా సైనికులు కూడా వాటి వెంటే పోయారు.

ముంజిర్ ఇంటిమెట్ల మీద తల పట్టుకుని కూర్చున్నాడు. "రహఫ్‌ని తీసుకుని పోదాం పదక్కా. ఇప్పుడే" అన్నాడు.

"చాల్లే. ఇప్పుడే కదరా ఊపిరాడుతోంది!"

విజ్దాన్ కిటికీలన్నీ బార్లా తెరిచింది. దుమ్ము పట్టిన అద్దాల్ని తడిగుడ్డతో తళతళలాడేలా తుడిచింది. చల్లగాలి తగలగానే రహఫ్ పొట్టమీద చెయ్యేసుకుని నవ్వింది.

తెల్లారేసరికి ఊళ్ళో ఒక్క అద్దం మిగల్లేదు.