మనూరి బండి

సంచీలో నాలుగు జతల బట్టలు, తువ్వాల, నిమ్మ తొక్కు సీసా సర్దింది సుసన్న. అన్నిటికన్నా పైన మాస్కుల డబ్బా పెట్టింది.

"డబ్బా మొత్తం పెడితే నీకేది?" అన్నాడు భర్త ప్రభుదాస్.

"ఇంట్ల కూసునేదాన్ని, నాకెందుకు?"

ప్రభుదాస్ ఇబ్రహీంపట్నం పశువుల దవాఖానలో అటెండరు. ఆంధ్రలో కోళ్లకు బర్డ్ ఫ్లూ సోకిందని, అక్కడి కోళ్ల బండ్లను సరిహద్దులోనే వెనక్కి పంపమని ఉత్తర్వు వచ్చింది. చెక్‌పోస్టులో అతనికి పది రోజుల డ్యూటీ పడింది.

"పోతున్న" అంటూ సంచీ అందుకోబోయాడు.

సుసన్న సంచీ వదల్లేదు. "పోయొస్త అను. మా నాయన గట్లనే పోతున్న అని పోయిండు. మళ్ల రాలే."

"పోయొస్తనే తల్లీ! నా డ్యూటీ బండ్లను ఆపుడు, కోళ్లను ముద్దు వెట్టుకునుడు కాదు."

రోజూ ఫోన్ చేసేది. అతని మాటలకన్నా ముందు దగ్గు కోసం చెవి రిక్కించేది.

నాలుగో రోజు అతను హుషారుగా ఉన్నాడు. "పొద్దుగాల మనూరి బండి ఒకటొచ్చింది. అటు దిక్కు కోళ్లు ఎవలు కొంటలేరు గద, వాపస్ వస్తున్నట్టుంది. కాయితం మీద ఇబ్రహీంపట్నం అని చూసి ఇడిసిపెట్టిన. డ్రైవర్‌తోని మాసిన బట్టలు పంపిన, ఉతుకు."

సాయంత్రం ఇంటి ముందు బండి ఆగింది. కోళ్ల జాలీల మధ్య నుంచి డ్రైవరు సంచీ లాగి ఇచ్చాడు.

"మీ ఇల్లు దొరకటానికి గంట పట్టిందమ్మా. ఈ ఊరు రావటం ఇదే మొదలు."

"నీది ఇబ్రహీంపట్నమే అన్నడు గద మా ఆయన?"

"ఇబ్రహీంపట్నమేనండీ. బెజవాడ పక్కన, కృష్ణ ఒడ్డున. సారు కాగితంలో ఊరి పేరు చూసి 'మనూరేనా' అని నవ్వి వదిలేశారు."

బండి వెళ్లగానే ఫోన్ చేసింది.

"ఇగో, గది మనూరి బండి కాదు, ఆంధ్రది! నువ్వు కోళ్లను ముట్టుకున్నవా?"



"లేదే. మాస్కు సుత తియ్యలే. ఎంత పని చేసిన! సార్‌కు ఇప్పుడే చెప్త."

"దేవుని తోడు?"

"దేవుని తోడు."

ఫోన్ పెట్టేసి, సంచీలోంచి అతని అంగీ తీసి ముఖానికి అదుముకుంది. చెమట వాసన. పెదవికి అంటిన తెల్లటి ఈకను ఊదేసి, బట్టలు సర్ఫులో నానబెట్టింది.

ఆ తర్వాత ఆమెకు నిద్ర లేదు. పూటకు రెండుసార్లు ఫోన్ చేసేది.

"జరమొచ్చిందా?"

"రాలే. నీ గొంతేంది, గట్లుంది?"

"చల్లటి నీళ్లు తాగిన. నా ముచ్చట ఇడువు. దగ్గొస్తుందా?"

"రాలేదే!"

పదో రోజు ప్రభుదాస్ దగ్గూ జ్వరమూ లేకుండా ఇల్లు చేరాడు. అతను పంపిన బట్టలు దండెం మీద ఆరి ఉన్నాయి.

తొమ్మిదో రోజు జ్వరంతో దవాఖానకు పోయిన సుసన్న ఇక తిరిగి రాలేదు.