ఆపని మైకు

"ఛానెలట, ఛానెలు! ఈగలు తోలుకోవడం తప్ప ఏముందక్కడ?" వీడియో గేమ్‌లో మునిగిపోయిన భర్త మీద విరుచుకుపడింది భార్య. "నిమిషానికోసారి చచ్చే మీ ఆట ఎవడు చూస్తాడండీ?"

"మొన్నటి వీడియో చాలామంది చూశారు."

"కొంపదీసి గెలిచారా ఏంటి?"

"లేదు. మైకు ఆపడం మర్చిపోయా. నీ తిట్లన్నీ రికార్డయిపోయాయి."

ఆమె ఫోను లాక్కుని కామెంట్లు చదివింది. 'ఆట దండగ. ఆవిడ నోరే అసలు వినోదం.'

"చూశారా, నా వల్లే!" అని నవ్వుతూ కిందికి జరిపింది.

'అన్ని తిట్టినా ఆయన ఒక్క మాట తిరిగి అనలేదేం?'

నవ్వు ఆగిపోయింది. ఇవాళ కూడా మైకు మీద ఎర్రలైటు వెలుగుతూనే ఉంది. ఆమే దాన్ని ఆపేసింది.

"ఇప్పుడు అనండి. ఎవరూ వినరు."

"నువ్వు వింటావుగా," అన్నాడతను.