పది మణుగుల అల్లుడు

"మీ అన్నకు మగబిడ్డ పుట్టినాడు" అని కొండమీద నుంచి ఏలకుల ఎద్దులు తోలుకొచ్చిన తంగవేలు వాకిట్లో నుంచే చెప్పాడు.

కమలం చేతిలోని చేట జారిపోయింది. చెదిరిన కందిపప్పు తొక్కకుండా రెండు గంతులు వేసింది. మూడో గంతుకు పక్కన అత్తగారున్నారని గుర్తొచ్చింది. పెళ్ళయి అప్పటికి మూడు నెలలే.

"ఏడేండ్లకు పుట్టిన బిడ్డ. ఇంక అయిదు నెలలకు, ఆవణి మాసంలో చెవులు కుట్టేది. మేనత్త తప్పకుండా, కండిప్పా రావాలంట, అల్లుణ్ణి తోడుకొని" అన్నాడు తంగవేలు.

"పోవాల్సిందే" అంది అత్తగారు వెంకటమ్మాళ్. "తొలిసారి పుట్టింటికి మొగుడు లేకుండా పోగూడదు. కొత్తల్లుడు ఆ కొండదోవలో నడిచీ పోగూడదు. డోలీలోనే పోవాల. మీ మామగారూ అట్లనే పోయినాడు."

అందరూ తిన్నె వైపు చూశారు. తిన్నె కనబడలేదు, దానిమీద కూర్చున్న కమలం మొగుడు అప్పసామి కనబడ్డాడు. ముందు ఆకులో వేపిన మాంసం, నాలుగు గుడ్లు, గిన్నెడు నెయ్యి.

డోలీ మోసే కరుప్పుసామికి కబురు పోయింది. ఆయన వచ్చి, ఎద్దును బేరమాడేవాడిలా అప్పసామి చుట్టూ ఒకసారి తిరిగాడు.

"నాయకరే, కుంఫిణీ సుంకం చావడిలో పెద్ద తక్కెడ ఉండాది. ఒకతూరి దాంట్లో కూకుంటారా?"

పది మణుగులు తూగాడు. కరుప్పుసామి తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు.

"ఎనిమిదిన్నర అయితే మేము నలుగురం ఎత్తుతాము సామీ. పదంటే, మీరు కొండకు పోయేలోగా మేము కాటికి పోతాము."

"నేనేం చేసేదప్పా. అన్నం ముట్టి మూడు నెలలాయె" అని వాపోయాడు అప్పసామి.

అది నిజమే. గింజ తింటే ఒళ్ళు ఉబ్బుతుందని మదురలో ఒక వైద్యుడు చెప్పిన నాటి నుంచి అన్నం లేదు, సజ్జలు లేవు, గడ్డలు లేవు. మాంసం, గుడ్లు, నెయ్యి, అంతే. మొదటి నెల మొలతాడు రెండు వేళ్ళు వదులైంది. రెండో నెల మళ్ళీ బిగిసింది. మూడో నెల తెగింది.

మరునాడు మధ్యాహ్నం కమలం కరుప్పుసామి గుడిసె దగ్గరికి వెళ్ళింది. బోయీలు నలుగురూ తింటున్నారు. కుండెడు కంబు కూళు, అంటే సజ్జల అంబలి. ఉడికిన గెనుసుగడ్డలు, ఉలవచారు, ఆకుకూర. వాళ్ళ పిక్కలు పేనిన తాళ్ళలా ఉన్నాయి. పొట్టలు ఎక్కడున్నాయో వెతకాలి.

"దినమూ ఇదేనా?"

"ఇంకేముండాది చిన్నమ్మా మాకు?"

"కడుపు నిండా తింటారా?"

"నిండకుంటే కొండెట్ల ఎక్కేది?"

కమలం దారంతా పరుగు లాంటి నడకతో ఇంటికొచ్చి, మొగుడి ముందు కుండెడు కూళు పెట్టింది.

"మామా, ఇంక మీకు మాంసం లేదు, గుడ్డు లేదు, నెయ్యి లేదు. ఇది తినండి, ఎంత కావాలంటే అంత."

"వైద్యుడు వద్దన్నాడే."

"ఆ వైద్యుడి పొట్ట చూసినారా?"

"చూసినా. నాదానికన్నా పెద్దది." అప్పసామి కుండ దగ్గరికి లాక్కున్నాడు.

వెంకటమ్మాళ్ మాత్రం ఒక్క మాట అంది. "వాడు తినకుంటే పోనీ. నాయకరింట్లో మాంసం కూర వాసన ఆగిందంటే, ఇల్లు చితికిపోయిందంటారు ఊరోళ్ళు. వంట ఆగగూడదు."

"సరి అత్తా" అంది కమలం.

వంట ఆగలేదు. వండిన కూర ఏమైపోతోందో అప్పసామి అడగలేదు. అడిగితే ఆశ పుడుతుందని భయం.

"ఇంకో గడ్డ తినేదా పిల్లా?"

"రెండు తినండి."

ఆకలితో మాడకుండా సన్నబడడం అతనికి వింతగా ఉండేది. వైగాసి మాసంలో తిన్నె మీద ఇంకొకరు కూర్చోడానికి చోటు దొరికింది. అక్కడ కమలమే కూర్చుంది. ఆనిలో ఇద్దరూ పొలం గట్టు వెంట కలిసి నడిచారు. ఆడిలో అతను పరుగెత్తి ఆమెను పట్టుకున్నాడు, ఆమె కొంచెం మెల్లిగా పరుగెత్తింది కూడా. ఆవణి వచ్చేసరికి సుంకం చావడి తక్కెడలో ఎనిమిదింబావు తూగాడు.

చెవులు కుట్టడం ఎల్లుండి. తోడు వస్తానని తంగవేలు ముందే వచ్చి కూర్చున్నాడు. బోయీలకు కబురు పంపారు.

నలుగురూ వచ్చారు. కరుప్పుసామి రెండు మెట్లెక్కి, మూడో మెట్టు మీద రొప్పుతూ కూలబడ్డాడు. మిగిలిన ముగ్గురూ మెట్ల దాకా కూడా రాలేదు. అందరికీ గుమ్మడికాయల్లాంటి పొట్టలు. కరుప్పుసామి లేచి డోలీ బొంగు అందుకోవాలని వంగాడు గాని, పొట్ట అడ్డమొచ్చి చెయ్యి అందలేదు.

"ఏమప్పా ఇది?" అన్నాడు అప్పసామి.

"చిన్నమ్మ దయ సామీ. అయిదు నెలలుగా మీ ఇంటి మాంసం, గుడ్లు, నెయ్యి అంతా మా గుడిసెకే పంపింది. 'మా మామను మోసేవాళ్ళు బాగా తినాల' అనింది. కూళు ముఖం చూసి ఎన్నాళ్ళాయెనో."

కమలం కొంగు ముఖాన కప్పుకుంది. లోపల ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. "బిడ్డను చూసే రాత లేదు మామా నాకు" అని మాత్రం వినబడింది.

అప్పసామి లేచి బొంగు కింద భుజం పెట్టి చూశాడు. డోలీ ముందువైపు చులాగ్గా పైకి లేచింది.

"నువ్వెన్ని మణుగులే పిల్లా?"

"నాలుగు" అంది కమలం కొంగులోంచి.

"రేయ్, అల్లుడు నడిచి పోతే తప్పు" అంది వెంకటమ్మాళ్.

"నడిస్తే తప్పమ్మా. మోస్తే తప్పని ఏ పెద్దమనిషీ చెప్పలేదు" అని తంగవేలు వైపు తిరిగాడు అప్పసామి. "వెనక బొంగు నీది. కమలం, రేపు తెల్లారి నువ్వెక్కి కూకో. ముందు బొంగు నాది."