గొంతుకు కాపలా

తెర మీద మళ్లీ అదే మాట. అనుమతి లేదు.

"నా ఇంట్లో, నా కంప్యూటర్లో, నాకే అనుమతి లేదంట మేష్టారూ," అంది దర్జీ ఆవిడ. మేష్టారి చూపు తెర మీదే ఉంది.

ఆవిడకి కుట్టు మిషను తెలుసు గానీ, ఆ కంప్యూటర్ని నడిపే లైనక్సు కొత్త. నలభై దాటాక దాన్ని నేర్చుకోవడం, అందులోనూ దాని కాపలా సంగతి నేర్చుకోవడం, ఇనప గుగ్గిళ్లు నమలడమే. మామూలు తాళం యజమాని మాట వింటుంది. ఇది వినదు. ఏ ప్రోగ్రాం ఏ ఫైలును ముట్టుకోవచ్చో నియమాలు ముందే రాసిపెట్టి ఉంటాయి. వాటిలో లేకపోతే యజమాని వచ్చి కాళ్లు పట్టుకున్నా తలుపు తియ్యదు.

ఆ తలుపు వెనక ఉన్నది ఆవిడ భర్త గొంతు. ఆ కంప్యూటరూ, దాని కాపలా కూడా ఆయన పెట్టినవే. నెలల తరబడి కూర్చుని వాక్యాలు చదివి రికార్డు చేసుకున్నారు. ఈ లోకంలో ఆయన గొంతు మిగిలింది ఇక ఆ ఫైళ్లలోనే. టైపు చేసిన మాటను ఆ గొంతుతోనే పలికే ప్రోగ్రాం ఒకటి తెచ్చి, ఫైళ్లను దాని ఫోల్డరులోకి ఆవిడే మార్చింది. ప్రోగ్రాం వాటిని తెరవలేకపోతోంది.

"పోయింది తిరిగొస్తుందా వదినా? పెట్టెతో మాట్లాడించుకుంటే మనసు ఇంకా పాడవుతుంది," అంది ఆడపడుచు.

ఆవిడ వినలేదు. పొద్దున్నే ఇంటి పని తెమల్చుకుని కంప్యూటరు ముందు, మేష్టారి పక్కన కూర్చునేది.

మేష్టారి పద్ధతి వేరు. అడిగిందానికి అవును, లేదంటే కాదు. అంతకు మించి ఒక్క మాట కావాలంటే పూట గడిచిపోవాల్సిందే. ఒక్కోసారి పాఠం మధ్యలోనే కునుకు తీసేవారు. లేపబుద్ధి కాక ఆవిడ ఎదురుచూసేది. మేష్టారు ఎక్కువ కాలం నేర్పలేరని ఆవిడకి తెలుసు. ఆ భయమే ఆవిడను కూర్చోబెడుతోంది.

ఫైళ్ల మీద అందరికీ అన్ని అనుమతులూ ఇచ్చేసింది. ఇప్పుడు సరిపోతుందా అని అడిగింది. కాదు. ఫైళ్లకు ప్రోగ్రాంనే యజమానిని చేసింది. అదీ కాదు.

రిపేరు షాపతనికి ఫోను చేస్తే అతను నవ్వాడు. ఇంత తలనొప్పి దేనికి, అందరూ చేసేదే, ఆ కాపలాను ఆపేస్తే చిటికెలో అయిపోతుందన్నాడు. ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. ఆపేద్దామా అని మేష్టార్ని అడిగింది. కాదు. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడం మేష్టారికి ఏనాడూ నచ్చదు.

ఆవిడ ఓపిక చచ్చిపోయింది.

"నోరు విప్పి చెప్పొచ్చుగా? ముత్యాలు రాలిపోతాయా?"

అనేసి నాలుక్కరుచుకుంది. మేష్టారు కళ్లు మూసుకున్నారు. ఆ రోజుకి ఇక పాఠం లేదు. ఆవిడ వంటింట్లోకి వెళ్లి, కొళాయి తిప్పి, ఆ చప్పుడు చాటున ఏడ్చింది.

మర్నాడు మేష్టారు ఒకే ఒక్క మాట చెప్పారు. లేబుల్. అప్పటికి మధ్యాహ్నమైంది.

ఆవిడ ఆలోచనలో పడింది. కుట్టుకి వచ్చిన ప్రతి గుడ్డకీ ఆవిడ ఒక చీటీ గుచ్చుతుంది. గుడ్డను ఏ అరలోకి మార్చినా దాంతోపాటు చీటీ కూడా వెళ్తుంది.

"నేను ఫైళ్లని కాపీ చెయ్యలేదు, ఉన్నవాటిని ఉన్నట్టే జరిపాను. పాత ఫోల్డరు లేబుల్ వాటికి అలాగే ఉండిపోయింది. అంతేనా?"

అవును.

తిరస్కరించినవన్నీ కంప్యూటరు రాసుకునే చోటు తెరిచి చూసింది. ప్రోగ్రాం అడిగిందనీ, లేబుల్ చూసి కాపలా వద్దందనీ ఇన్నాళ్లూ అక్కడే ఉంది. చదవడం చేతకాక చూడలేదు. లేబుళ్లు సరిచేసే ఆదేశం ఒక్క లైను. ఒక్కో అక్షరం చూసుకుంటూ కొట్టింది. కాపలా కాపలాగానే ఉంది.

"ఏమోయ్" అని టైపు చేసింది. భర్త తనను పిలిచే పిలుపు అది.

"ఏమోయ్," అంది పెట్టె ఆయన గొంతుతో, చివర కాస్త సాగదీస్తూ.

ఆడపడుచు చేతిలో గిన్నెతోనే పరుగెత్తుకొచ్చి గుమ్మంలో కూలబడింది. దర్జీ ఆవిడకి ఏడుపు ఆగలేదు. అంత దుఃఖం ఇన్నాళ్లూ ఎక్కడ దాచుకుందో ఆవిడకే తెలియదు.

కాసేపటికి కళ్లు తుడుచుకుని పక్కకి తిరిగింది.

"ఇప్పుడేం పలికించమంటారు మేష్టారూ?"

మంచం అంచున కూర్చుని ఆవిడ "అ, ఆ, ఇ, ఈ" అని ఒక్కో అక్షరమే చదువుతుంటే, ఒంట్లో కంటి రెప్పలు తప్ప ఇంకేదీ కదలని మేష్టారు, ఆవిడ భర్త, తనకు కావలసిన అక్షరం దగ్గర రెప్ప వాల్చారు.