ఎదురు వచ్చిన మనిషి

ఆ మనిషి అందరికీ ఎదురు వస్తున్నాడు.

సరస్సు చుట్టూ తీర్చిన మంచుబాటలో కాళ్లకి కట్టుకున్న స్కీలన్నీ ఒకే దిక్కుకి జారుతున్నాయి. తెల్లవారినప్పటి నుంచి చీకటి పడేదాకా ఎవరు ఎన్ని చుట్లు తిరిగితే అంత విరాళం, నా అన్నవాళ్లు లేని పిల్లలకి. అతనొక్కడే బాట అంచు పట్టుకుని అటు నుంచి ఇటు వస్తున్నాడు.

ఛాతీ మీద నంబరు లేదు.

"దారి తప్పాడేమో ముసలాయన," అన్నాడు బస్సు డ్రైవరు ఒద్వర్. "పిలిచి కాస్త వేడి పళ్లరసం పోద్దామా?"

గున్వర్ బాట వంపు దగ్గర పొయ్యి మీద పెట్టిన పళ్లరసం గిన్నెని గరిటెతో కలుపుతోంది. ఆమె అతని చూపు ఎక్కడ ఆగుతోందో గమనిస్తోంది.

ఎదురైన ప్రతి పిల్ల ముఖంలోకీ చూస్తున్నాడు. పెద్దవాళ్ల ముఖాల్లోకీ చూస్తున్నాడు గాని, అది ఆమె మనసులో నిలవలేదు.

గున్వర్ నిన్ననే ఐదుగురు ఆడపిల్లల్ని బస్సులో ఎక్కించుకుని సముద్రతీరం నుంచి ఇంత లోపలికి వచ్చింది. వాళ్ల ఊళ్లో చలికాలమంటే వాన. పిల్లల వసతిగృహంలో పదకొండేళ్ల ఉద్యోగం ఆమెకి ఒకటే నేర్పింది: ముందు అనుమానించు, తప్పైతే తరవాత క్షమాపణ చెప్పుకో.

ఆ ఐదుగురిలో తీరిల్ ఒకతి. పదహారేళ్లు. ఆ పిల్ల ఎక్కడుంటుందో ఏ కాగితం మీదా రాయరు. సవతి తండ్రి ఇప్పటికే రెండుసార్లు ఆచూకీ పట్టాడు. ఈ విరాళాల పరుగుకి వెళ్తానని తీరిల్ మూడు వారాలు బతిమాలితే, తన పూచీ మీద తీసుకొచ్చింది గున్వర్.

ఇతను ఆ సవతి తండ్రి కాదు. ఫొటో ఆమెకి కంఠతా వచ్చు. కాని అలాంటివాళ్లు ఇంకొకరిని పంపలేరా?

వంపుకి అవతల ముసలాయన ఎవరో పిల్లని ఆపాడు. చేతి తొడుగు తీశాడు. అరచేతిని ఆమె చెంపకి ఆనించి అలాగే ఉంచాడు.

గున్వర్ చేతిలోని గరిటె గిన్నెలో పడింది.

ఆమె మోకాలి లోతు మంచులో అడ్డంపడి వెళ్లేసరికి ఆ పిల్ల వెళ్లిపోయింది. వెనక మలుపులో తీరిల్ ఎర్ర టోపీ కనిపిస్తోంది.

"మీరెవరు? ఇక్కడ ఏం చేస్తున్నారు?"

"ముఖాలు చూస్తున్నానమ్మా," అన్నాడతను తొడుగు వేసుకుంటూ. "గాలి లేచింది. ఎవరో ఒకరు చూడాలి కదా."

అంత నెమ్మదిగా చెప్పడం చూసే ఆమెకి భయం వేసింది. అబద్ధం బాగా అలవాటైనవాళ్లే అలా మాట్లాడతారు.

"మా పిల్లల ముఖాలు నేను చూసుకుంటాను. మీరు చూడక్కర్లేదు."

"ఈ వంపు దగ్గరే ఉంటారా?"

"ఇక్కడే ఉంటాను."

"ప్రతి చుట్టుకీ చూస్తారా?"

"ప్రతి చుట్టుకీ. మీరు వెళ్లకపోతే పోలీసుల్ని పిలుస్తాను."

అతను ఆమె కళ్లలోకి కాసేపు చూశాడు. సరేనన్నట్టు తలూపి, స్కీలు తిప్పుకుని, అడవిలోంచి రోడ్డు వైపు జారిపోయాడు.

అతను వాదించకపోవడంతో మంచివాడేమోనని ఆమెకి ఉన్న కాస్త సందేహమూ తీరిపోయింది. మధ్యాహ్నమంతా రోడ్డు వైపే ఓ కన్నేసి ఉంచింది.

తీరిల్ ఏడో చుట్టుకి వచ్చింది, ఎనిమిదో చుట్టుకి వచ్చింది. తొమ్మిదో చుట్టులో చెంపల మీద తెల్లగా ఏదో కనిపించింది.

"మంచు అంటుకుంది, తుడుచుకోవే."

తీరిల్ మోచేత్తో రుద్దుకుంది. "పోయిందా?"

"ఆ, పోయిందిలే," అంది గున్వర్, చెట్ల మధ్య ఏదో కదిలినట్టుంటే అటు చూస్తూ.

"పన్నెండు తిరుగుతాను, చూస్తూండు. నువ్విక్కడ నిలబడే గడ్డకట్టేట్టున్నావ్," అని నవ్వుతూ వెళ్లిపోయింది ఆ పిల్ల.

పన్నెండూ తిరిగింది.

మొదలుపెట్టిన చోట, గుడారంలో నర్సు తీరిల్ టోపీ విప్పి, చెంప మీద వేలితో నొక్కి చూసింది. రెండు చెంపలూ మైనంలా తెల్లగా, గట్టిగా ఉన్నాయి.

"నొప్పేం లేదు," అంది తీరిల్.

"లేకపోవడమే చెడ్డది," అంది నర్సు. ఎప్పటి నుంచి ఇలా ఉందని గున్వర్‌ని అడిగింది. మొదట్లోనే ఎవరైనా చూసి అరచేత్తో కాస్త వెచ్చబెట్టి ఉంటే సరిపోయేదట. ఇప్పుడు చర్మం లోపలిదాకా గడ్డకట్టింది, మచ్చలు పడతాయి.

"తొమ్మిదో చుట్టు నుంచి," అంది గున్వర్.

నర్సు గుడారం తెర పక్కకి తీసి, ఖాళీ అవుతున్న బాట వైపు తొంగిచూసింది.

"ఎవరి ముఖం వాళ్లకి కనబడదు కదా, అందుకే ఏటా మా పెద్దాయన ఒకరు పొద్దస్తమానం బాటకి ఎదురు తిరుగుతూ అందరి చెంపలూ చూస్తారు, ఇవాళ మధ్యాహ్నం నుంచి ఆయన జాడే లేదు, మీకేమైనా కనిపించారా?"